పాలపొడి మీసం

మా కోడలు వంటింటికి కొత్త డబ్బాలు తెప్పించింది. లోపల ఏముందో బయటికే కనిపించే రకం, మూత నొక్కితే టక్కుమని కూర్చునే రకం. ఆర్డరు పెట్టిన రోజు నుంచి అవి మా షాదీపూర్ ఇంటి గుమ్మం ఎక్కేదాకా వాటి ప్రయాణాన్ని ఫోనులో చూస్తూ రోజూ మాకు వార్తలు చెప్పింది. చెన్నై చేరాయట. ఇంకా చెన్నైలోనే ఉన్నాయట. ఓడ, అదే మా జహాజ్, ఎక్కాయట. మెయిన్‌లాండ్‌లో ఉన్న చెల్లెలికి ఇవే డబ్బాలు ఇవాళ అడిగితే మర్నాటికి వచ్చేశాయని ఒకటికి పదిసార్లు వాపోయింది. దీవుల్లోనే పుట్టి పెరిగినదాన్ని కనుక నాకు అందులో వింతేమీ కనబడలేదు. మాకు ఏది రావాలన్నా ముందు సముద్రం ఒప్పుకోవాలి. చివరికి వచ్చాయి, ముచ్చటగానే ఉన్నాయి. కొత్తవాటికి చోటు చెయ్యాలి కదా, ఆదివారం పూట అటక మీదున్న నా పాత డబ్బాలన్నిటినీ కిందికి దింపించింది. "పారేస్తన్నాననుకోకండి అత్తయ్యా, ఆప్ దేఖ్‌కే బోలియే, ఉంచీవి ఉంచుదాం" అంది. మంచి పిల్ల. నేను ఒక్కటి కూడా పారేయనివ్వనని దానికీ తెలుసు.

మా మనవరాలు ఒకటో తరగతి. తెలుగులోనే మొదలుపెడుతుంది, సగం దారిలో హిందీలోకి దిగిపోతుంది. డబ్బాల మధ్య చతికిలబడి ఒక్కొక్కదాన్నీ తిప్పి చూస్తూ, ఒకదాన్ని రెండు చేతులతో పైకెత్తి, "నానమ్మా, ఈ మూఛ్‌వాలా తాత ఎవరు? బహుత్ ఫన్నీ ఉన్నాడు!" అంది. చూద్దును కదా, పాలపొడి డబ్బా. దాని మీద ఇటుకరంగు గుండ్రటి ముఖం, జాడీ చెవుల్లాంటి చెవులు, ఉలిక్కిపడినట్టు తెరుచుకున్న కళ్లు, పై పెదవి మీద ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గ దాకా తెల్లటి మీసం. మెడ కిందదంతా తుప్పు తినేసింది. నాకు నవ్వు ఆగలేదు. ఎంత నవ్వానంటే కోడలు చేతిలో గరిటెతోనే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఆ తాత సంగతి చెప్పాలంటే మీ తాతమ్మ దగ్గర మొదలెట్టాలి" అన్నాను. పిల్ల వచ్చి ఒళ్లో కూర్చుంది. దానికి చెప్పింది కొంచెం. మిగతాదంతా ఇక్కడ చెబుతున్నాను.

తాతమ్మంటే మా అత్తగారు. డాలీగంజ్‌లో ఆవిడ ఇంటిని ఎరగనివాళ్లు ఉండేవారు కాదు. మా మామయ్య ద్వీపాల మధ్య తిరిగే బోటులో ఖలాసీ. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వల భుజాన వేసుకుని వచ్చినవాడైతే, మామయ్య వల వదిలి బోటు ఎక్కాడు. ఆ బోటుకు ఏటా రంగులు వేసేవారు. రంగులయ్యాక డబ్బాల అడుగున కాస్త కాస్త మిగిలి ఎండిపోయేది ఉంటుంది కదా, అవి పారేసే డబ్బాలు. మామయ్య అడిగి పట్టుకొచ్చేవాడు. వాటిలో కిరసనాయిలు పోసి, పుల్లతో కలిపి, ఉడుకు మీదున్న పులుసును చూసినట్టు చూసుకుంటూ అత్తయ్య రంగును మళ్లీ బతికించేది. ఇక ఆ రంగులు ఇంటికి. అందుకని మా ఇంటి చెక్క గోడలకు కిటికీ దాకా ఓడ అడుగున వేసే ఎరుపు, ఆ పైన ఓడ తెలుపు, కిటికీ ఊచలకు సముద్రపు పచ్చ, గుమ్మాలకు నలుపు. దూరం నుంచి చూస్తే బోటు నీళ్లలోంచి లేచి వచ్చి కొబ్బరిచెట్ల మధ్య ఆగినట్టుండేది. ఆటోవాళ్లు కూడా "జహాజ్ ఘర్ కే పాస్" అంటేనే గుర్తుపట్టేవాళ్లు. వానాకాలంలో పక్కింటాయన మా గుమ్మం ముందు నిలబడి, "ఇవాళ ఎన్నింటికి బయల్దేరుతోందండీ?" అని మామయ్యను అడక్కుండా వెళ్లేవాడు కాదు.

అత్తయ్యకు ఒక అలవాటుండేది. ఏ వస్తువునైనా పారేసే ముందు దాన్ని చేతిలోకి తీసుకుని, "నీకింకేటి పని వొచ్చే?" అని అడిగేది. నవ్వులాటకు కాదు, నిజంగానే అడిగేది. జవాబు వచ్చేదాకా అరుగు మీద పెట్టుకుని కూర్చునేది. ఒకసారి గాలివానకు విరిగిన గొడుగును అలా అడిగింది. గొడుగు గుడ్డ బజారు సంచీ అయింది. పుల్లలు పొట్లపాదుకు పందిరయ్యాయి. వంకీ తిరిగిన పిడిని వెదురుగడకు కట్టి బొప్పాయిలు దింపడానికి వాడింది. సామాను వచ్చిన చెక్కపెట్టెలతో చేసిన బెంచీ మీద, ఏ వైపు పైకి ఉండాలో చెప్పే బాణం గుర్తు నేల వైపు చూస్తూ ఉండేది. ఆ బెంచీ మీద కూర్చున్న ప్రతి చుట్టానికీ "మీరు తలకిందులుగా కూర్చున్నారు" అని చెప్పడం మా మరిదికి సరదా. చిరిగిన చీరల అంచులన్నీ కలిపి కుట్టిన కర్టెన్లు కదిలితే ఒక పెళ్లివారంతా గుమ్మంలోంచి వెళ్తున్నట్టుండేది. ఇన్ని చేసినా ఆవిడ ముఖంలో పొదుపు చేసేవాళ్ల ముడుతలు ఉండేవి కావు. కొత్త బొమ్మ దొరికిన పిల్లలా ఉండేది. లేనిదాన్ని గురించి దిగులుపడటానికి ఆవిడకు తీరికే ఉండేది కాదు, ఉన్నదాంతో అంత పనుండేది.

ఇక డబ్బాలు. ఆ రోజుల్లో మాకు పాలంటే పాలపొడే. ప్రతి ఇంట్లోనూ ఖాళీ డబ్బాలు గుట్టలు పడేవి. అందరి ఇళ్లలో వాటిలో పప్పులూ ఉప్పులూ పోసుకునేవారు, మా ఇంట్లోనూ అంతే. కొత్తిమీర, పచ్చిమిరప కూడా ఆ డబ్బాల్లోనే మొలిచేవి. తేడా ఏమిటంటే మా వంటింటి అరల్లో కూర్చున్న డబ్బాలకు ముఖాలుండేవి. అత్తయ్యకు అక్షరాలు రావు. మా ఆయనా, మరిదీ హిందీ బడిలో చదివారు. పేరు రాసినా చదివేవారెవరు? అందుకని ఆవిడ బొమ్మలు వేసింది. పంచదార డబ్బా మీద పంచదార బొమ్మ ఎలా వేస్తారు? మనిషి బొమ్మ వేసింది. పంచదార మీద టోపీ పెట్టుకున్న మామయ్య. వేరుశనగ గుళ్ల డబ్బా మీద మా ఆయన, ముఖం కన్నా చెవులే పెద్దవి. వేపిన ఎండురొయ్యల డబ్బా మీద ఉంగరాల జుట్టు మరిది. వక్కల డబ్బా మీద ముక్కుపుడకతో ఆవిడే. ఉన్నది ఓడ రంగులే కనుక అందరి ఒళ్లూ ఇటుకరంగే. వాటి వంక చూసి మామయ్య, "మమ్మల్నందర్నీ పడవ కింద కట్టి తెచ్చినట్టున్నాది" అనేవాడు.

ఈ ఇంటికి నేను ఇంకో దీవిలోని రంగత్ నుంచి కోడలిగా వచ్చాను. రంగత్‌లో మా నాన్నకు కిరాణా కొట్టు. కొట్టులో పుట్టిన పిల్లకు డబ్బాలంటే భయమూ భక్తీ. మా నాన్న అనుమతి లేకుండా బెల్లం ముక్క కూడా ముట్టుకునేదాన్ని కాదు. "ఇది మనది కాదమ్మా, అమ్మకానికి పెట్టినది" అనేవాడు. ఆయన తప్పు కాదు, అలా అనకపోతే కొట్టు నిలవదు. అలా పెరిగిన నేను ఈ అరల ముందు నిలబడి ఏమనుకోవాలి? ఈ ఇంట్లో ఎవరి డబ్బా వారిదేనని అనుకున్నాను. ఇందులో వింతేముంది? పంచదార మామయ్యది, గుళ్లు మా ఆయనవి, రొయ్యలు మరిదివి. నా ముఖం ఏ డబ్బా మీదా లేదు కనుక నాది ఏదీ లేదు. ఎవరినీ అడగలేదు. అడిగితే చిన్నతనంగా ఉంటుందనిపించింది. పొద్దున్నే ఎవరి చాయ్ వాళ్లు కలుపుకునే ఇల్లు అది. నేను పంచదార లేకుండా తాగాను.

అత్తయ్య గమనించింది. కానీ తనకు తోచినట్టు గమనించింది. "మా కోడలికి చీనీ పడదు" అని నీళ్ల కుళాయి దగ్గర చెప్పింది. డాలీగంజ్‌లో కుళాయి దగ్గర చెప్పిన మాటకు రేడియో అక్కర్లేదు. ఆ పైన ఏ ఇంటికి వెళ్లినా నాకు ప్రత్యేకంగా, ఎంతో శ్రద్ధగా, చప్పటి చాయ్ ఇచ్చేవారు. బెంగాలీ దీదీ అయితే, "నీకోసం వేరే గిన్నెలో పెట్టాను, ఇదుగో" అని హిందీలో చెప్పి, నేను చివరి చుక్క దాకా తాగేవరకు ఎదురుగా కూర్చునేది. ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం నాడు ప్రసాదం కూడా నాకు చిటికెడే పెట్టారు. తీపి అంటే ప్రాణం పెట్టే మనిషిని. ఇంటికి వచ్చి గదిలో కూర్చుని ఏడ్చానంటే ఇప్పుడు మా కోడలు నమ్మదు.

ఆ ముడి మామయ్యే విప్పాడు. ఆయనకు పంచదార తినకూడదని డాక్టరు చెప్పి చాలా కాలమైంది. ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చి, అత్తయ్య పెరట్లో ఉంది కదా అని వంటింట్లోకి దూరి డబ్బా మూత తీశాడు. నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. ఆయన నన్ను చూసి చూపుడువేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. ఇంతలో గుమ్మంలోంచి అత్తయ్య గొంతు, "సూడు, ఒకసారి డబ్బా మీదకి సూడు. ఎవలు సూస్తన్నారో సూడు." మామయ్య డబ్బా తిప్పి తన ముఖం తనే చూసుకున్నాడు. ఆ టోపీవాడు కళ్లు ఉరిమి చూస్తున్నాడు. మామయ్య నోట్లో పంచదారతోనే నవ్వేశాడు, సగం చొక్కా మీద పడింది. అప్పుడు అర్థమైంది నాకు. డబ్బా మీద ఉన్నది యజమాని కాదు, దొంగ. ఏ డబ్బా మీద ఎవరు చెయ్యి వేసి దొరికితే వాళ్ల బొమ్మ దాని మీదికి ఎక్కుతుంది. తీయబోయినప్పుడల్లా తన ముఖం తనకే కనబడి కాస్త సిగ్గుపడతారని అత్తయ్య ఆలోచన. ఎవరూ సిగ్గుపడేవారు కాదు. అది వేరే సంగతి.

ఆ రోజు నా చాయ్‌లో పంచదార రెండు చెంచాలు పడింది. నా కథ విని అత్తయ్య నెత్తి కొట్టుకుంది, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది, తర్వాత నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఇన్నాళ్లూ సేదు తాగినావేటే పిల్లా" అంటూ నా గడ్డం పట్టుకుంది. ఇక అంతా సరిపోయిందనుకుంటాం కదా. కానీ నాకు అప్పుడే అసలు బాధ మొదలైంది. ఇది ఇంట్లోవాళ్ల బొమ్మల వరుస. ఇందులో నేను లేను. తెగించి అడిగాను కూడా. "మరి నా బొమ్మో, అత్తయ్యా?" ఆవిడ బియ్యం ఏరుతూ తలెత్తకుండానే, "నువ్వింకా దొరకనేదు కదా. దొరికితే కదా గీసీది" అంది.

అత్తయ్య లెక్క గురించి చెప్పాలి. ఆవిడ గుళ్లు వేపి డబ్బాలో పోసేటప్పుడు ఇంటికి సరిపడా పోసి, ఆ పైన ఒక గుప్పెడు వేసి, "ఇది దొంగవాటా" అనేది. రొయ్యల్లోనూ అంతే. మామయ్య పంచదారలో మాత్రం దొంగవాటా చెంచాకు మించనిచ్చేది కాదు. కందిపప్పును గింజ గింజా ఏరుకునే మనిషి, దొంగకు కూడా ముందే వాటా తీసిపెట్టడం ఏమిటని నాకు వింతగా ఉండేది. తర్వాత తెలిసింది. జీతం చిన్నది, జహాజ్ నమ్మకం లేనిది, ఏదీ కడుపునిండా కావలసినంత దొరికే ఇల్లు కాదది. అలాంటి ఇంట్లో ప్రతి మనిషికీ దొంగిలించుకోవడానికి ఒక్క ఇష్టమైనా మిగల్చాలని ఆవిడ పట్టుదల. నా కోసం ఆవిడ ఏ డబ్బాలో గుప్పెడు ఎక్కువ వెయ్యాలో ఆవిడకు తెలియదు. అదే నా కొరత. నేను ఈ ఇంట్లో ఉన్నానో, అతిథిగా కూర్చున్నానో తేలకుండా ఉండిపోయింది.

దాంతో దొంగతనానికి సిద్ధపడ్డాను. నవ్వకండి. ఒక సాయంత్రం అత్తయ్య వినేలా వేరుశనగ డబ్బా మూత చప్పుడు చేస్తూ తీసి, గుప్పెడు గుళ్లు నోట్లో పోసుకున్నాను. ఆవిడ వచ్చి చూసి, "తిను తిను. ఆకలేస్తే తినాల కదా" అని ఇంకో గుప్పెడు కొంగులో పోసి వెళ్లిపోయింది. ఇంకోసారి రొయ్యలు. "అది నీకిష్టమేటే? మొహం అలగ ఎట్టి తింతన్నావు" అంది. నిజమే, నాకు ఎండురొయ్యలు ఇష్టం లేదు. చూసేవాళ్ల కోసం చేసింది చోరీ కాదట. ఆకలి కోసం చేసిందీ చోరీ కాదట. ఎవరూ చూడటంలేదనుకుని, ఆకలి లేకుండా, ఒట్టి ఇష్టం కొద్దీ తింటేనే చోరీ. ఇంత కఠినమైన పరీక్ష నాకు స్కూల్లో కూడా ఎదురవలేదు. మా ఆయనను సలహా అడిగితే, "నా డబ్బాలో సగం నీకిస్తాను, ఒక చెవి నాది, ఒక చెవి నీది గీయించుకో" అన్నాడు. ఆ మనిషితో ఏం మాట్లాడతాం?

ఆ ఏటి వానాకాలం మొదలవుతూనే జోరుగా పట్టుకుంది. సముద్రం బాగాలేదని మెయిన్‌లాండ్ జహాజ్ ఆగింది. మొదట ఉల్లిపాయలు పోయాయి, తర్వాత బంగాళాదుంపలు, తర్వాత కొట్టువాళ్లు అరలు ఖాళీగా కనబడకుండా సబ్బులు దూరం దూరంగా సర్దడం మొదలుపెట్టారు. అత్తయ్యకు ఇదే పండగ. పచ్చి బొప్పాయి బంగాళాదుంప పాత్ర వేసింది. గుమ్మడిపూలు, చేమాకులు, కొబ్బరి, పెరట్లో ఏది ఉంటే అది పళ్లెంలోకి వచ్చింది. ఉల్లిపాయలేని పులుసును ఆవిడ పెట్టిన తీరుకు, జహాజ్ వచ్చాక కూడా అదే పెట్టమని మరిది గొడవచేశాడు. నాకు అప్పుడు నెల తప్పింది. పులుపూ అక్కర్లేదు, మామిడికాయా అక్కర్లేదు. ఒకటే ధ్యాస, పాలపొడి. నీళ్లలో కలిపింది కాదు. పొడి. చెంచాతో నోట్లో వేసుకుంటే ముందు అంగిలికి అంటుకుంటుంది, తర్వాత మెల్లగా మెత్తబడి, ఇక కరుగుతుందో లేదో అనిపించి, చివరికి తియ్యగా కరుగుతుంది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నోరూరుతోంది.

ఇంట్లో ఉన్నదేమో ఒక్కటే డబ్బా. దాని మీద ఎవరి ముఖమూ లేదు. రంగత్ నుంచి మా నాన్న నన్ను చూడటానికి వస్తున్నాడని కబురు వచ్చింది. "అన్నయ్యగారు వొచ్చినపుడు పాల చాయ్ ఇవ్వాల, ఇది ఎవలూ ముట్టుకోవద్దు" అని అత్తయ్య అందరి ముందూ గట్టిగా చెప్పింది. అప్పటిదాకా పై అరలో ఉన్న డబ్బాను, పైన చెమ్మ పడుతోందంటూ కింది అరకు దించింది. నేను మొదటి రోజు మూత తీసి వాసన చూసి పెట్టేశాను. రెండోసారి వేలి కొస. ఆ తర్వాత సంగతి చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం అత్తయ్య పెరట్లో వాననీళ్ల పీపాలు సర్దుకునే వేళకు నా కాళ్లు వాటంతట అవే వంటింట్లోకి నడిచేవి. పొడి తగ్గినట్టు కనబడకుండా డబ్బాను కుదిపి, పైభాగం చదునుచేసి మూత పెట్టేదాన్ని. కొట్టువాడి కూతుర్ని, ఆ మాత్రం తెలివి ఉంటుంది. ఒక్కసారి కూడా బొమ్మ సంగతి జ్ఞాపకం రాలేదు. అంత ఇష్టంగా, అంత భయంగా తిన్నాను.

మా నాన్న మామయ్య పనిచేసే బోటులోనే వచ్చి ఫీనిక్స్ బే రేవులో దిగాడు. ఆ రోజు వాన తెరిపిచ్చి ఎండ కాసింది. ఎండ కాస్తే అత్తయ్య బొమ్మల డబ్బాలన్నీ చెమ్మ ఆరడానికి అరుగు మీద బారుగా పెట్టేది. నాన్న తలకిందుల బెంచీ మీద కూర్చుని ఆ ముఖాలను చూశాడు. మరిది ఒక్కొక్కరినీ పరిచయం చేస్తుంటే నాన్న కడుపుబ్బ నవ్వాడు. జీవితమంతా డబ్బాల మధ్య బతికిన మనిషికి నవ్వే డబ్బాలు అదే మొదటిసారి చూడటం. ఆ చివరి నుంచి ఈ చివరికి చూసి, మళ్లీ ఒకసారి చూసి, నవ్వు తగ్గించుకుని, "మరి మా అమ్మాయి ఏదండీ, చెల్లెమ్మా?" అన్నాడు. అడిగింది మామూలుగానే. కానీ ఆయన కూతురు ఆ ఇంట్లో ఎలా ఉందో తెలుసుకోవడానికి సముద్రం దాటి వచ్చిన మనిషి. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. అత్తయ్య ఏం జవాబు చెబుతుందోనని ఆవిడ వైపే చూశాను.

ఆవిడ "చాయ్ తెత్తాను ఉండండి" అని లోపలికి వెళ్లింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు డబ్బా. ఆ ముందు రోజే అడుగు గీకేశాను. లోపల మూత తీసిన చప్పుడు వినబడింది. ఇది మనది కాదమ్మా అని చెప్పి పెంచిన నాన్న ముందు, ఆయన కోసం దాచిన పాలపొడి ఆయన కూతురే తినేసిందని బయటపడబోతోంది. భూమి చీలితే బాగుండుననుకున్నాను. అత్తయ్య వచ్చింది. ఒక చేతిలో నిమ్మకాయ పిండిన నల్ల చాయ్, ఇంకో చేతిలో ఖాళీ పాలపొడి డబ్బా, చంకలో రంగుల బుట్ట. చాయ్ నాన్నకిచ్చి, ఆయన ఎదురుగా అరుగు మీద కూర్చుని, కుంచె ఎర్రరంగులో ముంచింది.

"జహాజ్ రానేదు అన్నయ్యగారూ, నల్ల చాయ్ తాగండి. పాలు దొంగ తాగీసింది" అంది, నా వైపు చూడకుండానే. "అలాంటిలాంటి దొంగ కాదు. మూతి తుడుచుకోడం రాని దొంగ. రోజూ మజ్జాన్నం తెల్ల మీసం ఎట్టుకుని వొచ్చి, నీళ్ల పీపా పట్టుకోనా అత్తయ్యా అని నన్నే అడుగుతాది." గుండ్రంగా ముఖం వేసింది. నల్లటి కళ్లు, కంగారుగా తెరుచుకున్నవి. మెడ కింద సముద్రపు పచ్చ చీర. చివరికి చిన్న పుల్ల తెల్లరంగులో ముంచి, ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు ఒక్క గీత గీసింది. నేను అప్పటికే ఏడుస్తున్నాను. "తెలిసి కూడా చెప్పలేదేంటి అత్తయ్యా" అన్నాను. ఆవిడ తలెత్తింది. "పై అరలోది నీ సేతికందీలాగ కిందికి దించినాను, ఎవలికోసమనుకున్నావే? అందులో ఉన్నదంతా దొంగవాటాయే. బేగి దొరుకుతావేమో అనుకున్నాను, డబ్బా నాకీదాకా దొరకనేదు నువ్వు!"

నాన్న చాయ్ పక్కన పెట్టి, రంగు ఆరని డబ్బాను చేత్తో కాకుండా పై కండువా కొసతో జాగ్రత్తగా తిప్పుకుని చూశాడు. ముందు భుజాలు కదిలాయి. తర్వాత ఆయన నవ్విన నవ్వుకు పక్కింటి వాళ్లు గోడ మీదుగా చూశారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని నా తల మీద చెయ్యి వేసి, "మన కొట్లో అన్ని డబ్బాలుండేవి కదమ్మా, ఒక్కనాడైనా ఇలా తినలేదేం?" అన్నాడు. ఆయనే మళ్లీ మెల్లగా, "తినేలాగ నేనుంటే కదా" అన్నాడు. తర్వాత రంగత్ నుంచి బోటు వచ్చినప్పుడల్లా మామయ్య చేతికి ఆయన పంపే సంచీలో ఒక పాలపొడి డబ్బా తప్పకుండా ఉండేది. అన్నిటికన్నా పైన ఉండేది. అమ్మకానిది కాదన్నమాట.

ఇదంతా విని మా మనవరాలు డబ్బాను నా ముఖం పక్కన పెట్టి అటూ ఇటూ పోల్చి చూసింది. నా పై పెదవిని వేలితో రాసింది. "మీసం నహీ హై" అని నిర్ధారించింది. అంతటితో ఊరుకోలేదు. "మరి నా ఫోటో కిస్ డబ్బే పే?" అంది. నువ్వింకా దొరకలేదు కదా అన్నాను. కాసేపు ఆలోచించి ఒళ్లోంచి దిగి వెళ్లిపోయింది. కోడలు నా డబ్బాలన్నీ తుడిచి, కొత్త డబ్బాల పక్కనే ఒక అర మొత్తం వాటికి ఖాళీ చేసింది. చేస్తూ చేస్తూ, జీడిపప్పు ఉన్న కొత్త డబ్బాను ఎందుకో కింది అరకు దించింది. ఇది రాస్తుండగా వంటింట్లోంచి టక్కుమని చప్పుడు వినిపించింది. మూత తీసి మళ్లీ పెట్టడం ఎలాగో మనవరాలికి తెలిసిపోయినట్టుంది.

పాలపొడి డబ్బా నా బల్ల మీద ఉంది. చీర తుప్పులో కలిసిపోయింది, ముఖం వెలిసింది, కళ్లలో కంగారు కూడా తగ్గింది. ఓడకు వేసే తెలుపు కదా, ఉప్పుగాలికి లొంగలేదు, మీసం మాత్రం నిన్న గీసినట్టుంది. ఆ రోజు అత్తయ్య నాకు తెల్లరంగు మీసం మేరకే వేసి, డబ్బా అడుగున కాస్త మిగిల్చినట్టుంది. కాలం దాన్ని పారేయకుండా దాచి, ఇన్నేళ్లూ తీరిగ్గా నా జుట్టుకు పూస్తూ వచ్చింది.